ఫోర్‌హాండు దెబ్బ - దేహభ్రమణము

టెన్నిసు ఆటలో కుడిచేతివాటముగల ఆటగాడు తన కుడిప్రక్కకు వచ్చిన బంతిని అరచేయి ముందునకు ఉండునట్లు కొట్టెడి దెబ్బకు ఫోర్‌హాండని పేరు. ఆట నేర్చువారికి మొట్టమొదట అబ్బునది ఇదియే. ఎన్నియేండ్లు ఆడినను పూర్తిగా పట్టుబడనిదియు ఇదియే. చూచువారి కంటికి చేయి విసరుట ఒక్కటే కనబడును. అందుచే బలమంతయు చేతిలోనే యున్నదని తలచుట సహజము. ఈ తలంపు వలన రెండు నష్టములు కలుగుచున్నవి. బక్కపలుచని పిల్లలు గట్టి ఫోర్‌హాండు తమకు రానేరదని ముందుగనే నిరాశ చెందుదురు. కండగల పిల్లలు చేతినే నమ్ముకొని భుజమును, మోచేతిని, మణికట్టును నొప్పించుకొందురు. వాస్తవమునకు ఈ బలము పాదముల క్రింది నేలవద్ద ఆరంభమగును. తుంటి, నడుము, మొండెము వరుసగా తిరుగుటచే పెంపొందును. కడపట చేతిని చేరును. చేయి తన వంతును చేర్చి దానిని బంతికి అందించును. ఈ క్రమమును వివరించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

దెబ్బ జరుగు వ్యవధి

ముందుగా కొన్ని కొలతలను గమనింపవలెను. టెన్నిసు కోర్టు పొడవు 23.77 మీటర్లు. వల ఎత్తు మధ్యభాగమున 0.914 మీటరు. బంతి బరువు 56.0 గ్రాములకు తగ్గక, 59.4 గ్రాములకు మించక యుండవలెనని నియమము. పెద్దలు వాడు రాకెటు సుమారు 300 గ్రాములు తూగును. బంతి రాకెటు తంతులపై నిలుచు కాలము ఇంచుమించు 5 మిల్లీసెకనులు, అనగా సెకనులో రెండువందలవ వంతు. ఇంత స్వల్పకాలములో ఆటగాడు ఆలోచించి బంతికి క్రొత్తగా బలమును చేర్చుటకు వీలులేదు. బంతి ఎంత వేగముతో పోవలెనో, ఏ దిక్కునకు పోవలెనో అనునది తాకుటకు ముందే తేలిపోవును. ఎదుటినుండి వచ్చిన బంతి వేగమును అటుంచినచో, ఆటగాని వశములో నున్నవి రెండే: తాకిన క్షణమున రాకెటు తల ఎంత వేగముతో కదలుచున్నది, దాని ముఖము ఎటు తిరిగియున్నది. కాబట్టి రాకెటు తలకు ఆ వేగము ఎచ్చటినుండి వచ్చుచున్నదని విచారింపవలసియున్నది.

వడిసెల, చెర్నకోల

జొన్నచేలలో మంచెయెక్కి పిట్టలను తోలువారు వడిసెల త్రిప్పుట పల్లెవారెరిగినదే. వట్టిచేతితో విసరిన రాయికన్న వడిసెలనుండి వెడలిన రాయి మిక్కిలి దూరము పోవును. చేయి అదియే, రాయి అదియే. మారినది రాయికిని ఇరుసునకును నడుమనున్న దూరము. తిరుగుచున్న వస్తువులో ఇరుసునకు దూరముగా నున్న భాగము ఎక్కువ వేగముతో కదలును. సెకనుకు ఒకమారు తిరుగు వస్తువునందు ఇరుసునుండి అరమీటరు దూరమున నున్న బిందువు సెకనుకు 3.14 మీటర్లు పోవును. మీటరు దూరమున నున్నది 6.28 మీటర్లు పోవును. ఫోర్‌హాండులో వెన్నెముక ఇరుసు. భుజము, చేయి, రాకెటు పిడి అనువానిని దాటి రాకెటు తల ఆ ఇరుసునకు మీటరుకు పైబడిన దూరమున నుండును. మొండెము కొంచెము తిరిగినను రాకెటు తల చాల దూరము సాగుటకు ఇది కారణము.

అయినను ఇంతటితో విషయము ముగియలేదు. దేహమంతయు బిగుసుకొని తలుపువలె ఒక్కటిగా తిరిగినదనుకొందము. మొండెము సెకనుకు రెండుమార్లు తిరుగునంతటి వేగమును అందుకొన్నను, మీటరు దూరమున సెకనుకు 12.56 మీటర్ల వేగమే కలుగును. ఇది గంటకు 45 కిలోమీటర్లు. ఆరితేరిన ఆటగాండ్ర రాకెటు తల దీనికి రెట్టింపు వేగమునకు మించి పోవును. ఆ అధికవేగమునకు చెర్నకోల మంచి ఉదాహరణము.

ఎద్దులను తోలు చెర్నకోల పిడివద్ద లావుగను, కొసవద్ద సన్నముగను ఉండును. తోలువాడు పిడిని ముందునకు విసరి చప్పున నిలుపును. పిడి ఆగినను కదలిక ఆగదు. అది త్రాడు వెంట ప్రాకి, బరువు తగ్గినకొలది వేగము పెంచుకొని, కొసవద్ద చెళ్లుమని మ్రోగును. మనుష్యదేహమునందును ఇట్టి యేర్పాటే కలదు. తుంటి, మొండెము బరువైన భాగములు. అవి మెల్లగా కదలును గాని వానియందు కండరబలము మెండు. చేయి తేలిక, రాకెటు మరింత తేలిక. బరువైన భాగము మొదట కదలి, తన వేగము హెచ్చుస్థాయి నందుకొని నెమ్మదించుచుండగా, తరువాతి తేలికభాగము ఆ కదలికను గైకొని మరింత వేగముగా సాగును. ఒకదాని వెనుక నొకటి వచ్చు ఈ కదలికల వరుసను గతిశృంఖల యనవచ్చును. శృంఖలలో ఒక్క కడియము తెగినను, లేక రెండు కడియములు ఒకేసారి కదలినను, కొసకు చేరు వేగము తగ్గిపోవును.

నేలనుండి తంతులవరకు

ఈ శృంఖలను మొదటినుండి చూతము. ప్రత్యర్థి రాకెటును వీడి బంతి తన కుడిప్రక్కకు వచ్చుచున్నదని తెలిసినంతనే, నేర్పరియైన ఆటగాడు చేతిని వెనుకకు లాగడు. భుజములను ప్రక్కకు త్రిప్పును. ఎడమచేయి రాకెటు మెడను పట్టుకొనియే యుండును. రెండు చేతులును రాకెటుపై నుండుటచే మొండెము తిరుగక తప్పదు. పిదప ఎడమచేయి రాకెటును వదలి, వచ్చుచున్న బంతి దిక్కున కోర్టునకు అడ్డముగా చాపబడును. ఇది శోభకొరకు చేసెడి పని కాదు. భుజములు పూర్తిగా తిరిగినవనుటకు అది గురుతు.

ఈ సమయమున భుజముల రేఖ తుంటి రేఖకన్న ఎక్కువగా తిరిగియుండును. మంచి ఆటగాండ్రయందు ఈ భేదము సుమారు 20 నుండి 30 డిగ్రీల వరకు కానవచ్చును. తడిబట్టను పిండునపుడు ఒక చివర నిలిపి, రెండవ చివరను త్రిప్పినచో బట్ట మెలిపడును. వదలినంతనే ఆ మెలి తనంతట విడిపోవ జూచును. నడుమునకు ఇరుప్రక్కలనున్న ఏటవాలు కండరములు ఇట్లే సాగి బిగియును. సాగిన కండరము వెంటనే ముడుచుకొన్నచో, సాగకుండ ముడుచుకొన్నదానికన్న ఎక్కువ బలము నిచ్చును. అయితే ఈ లాభము క్షణికము. మెలిపడిన భంగిమలో ఆగి నిలుచువాడు దానిని పోగొట్టుకొనును. అందుచే వెనుకకు తిరుగుట, ముందునకు తిరుగుట అను రెండింటి నడుమ విరామము ఉండరాదు.

తరువాతి ఘట్టము నేలకు సంబంధించినది. ప్రతి చర్యకును సమానమైన ప్రతిచర్య ఎదురుదిక్కున కలుగునని 1687లో న్యూటను ప్రకటించిన నియమము ఇచ్చట పనిచేయును. వంగిన మోకాళ్లతో నున్న ఆటగాడు కుడిపాదముతో నేలను నొక్కి నెట్టును. నేల అంతియ బలముతో అతనిని ఎదురు నెట్టును. ఆ నెట్టుదల కాలివెంట పైకివచ్చి తుంటిని త్రిప్పును. పాచిపట్టిన బండపై నిలిచినవాడు రాతిని దూరముగా విసరలేడు. మెడలోతు నీటిలో నున్నవాడు అసలే విసరలేడు. వారి చేతులలో బలము లోపించినందున కాదు, కాలికి పట్టు లోపించినందున. రేవులో బట్టలు ఉదుకు చాకలి రెండుకాళ్లు ఎడముగా పెట్టి, నడుము త్రిప్పి, బట్టను బండపై మోదును. ప్రొద్దుటినుండి మాపటివరకు చేయి అలయకుండ అతడు పనిచేయుటలోని కిటుకు ఇదియే.

తుంటి ముందుగా తిరుగును. దాని వెనుక మొండెము, దాని వెనుక భుజము. ఈ దశలో చేయియు రాకెటును ఇంకను వెనుకనే యుండును. మొండెము ముందునకు సాగుచుండగా రాకెటు వెనుకబడుటచే, రొమ్ము కండరములును, భుజకీలును లోనికి త్రిప్పు కండరములును బాగుగా సాగును. పిమ్మట ఆ కండరములు ముడుచుకొని పైచేతిని లోనికి త్రిప్పును. భుజకీలువద్ద జరుగు ఈ లోభ్రమణమే తాకుటకు ముందటి తుదిక్షణములలో రాకెటు తలకు వేగమునిచ్చు ముఖ్యమైన కదలికలలో ఒకటి. మొండెము ముందుగా తిరిగి ఆ కండరములను సాగదీయని యెడల ఇది బలహీనముగా నుండును. కావున చేయి చేసెడి పనికి సైతము దేహభ్రమణమే పునాది.

ఎడమచేతి పని ఇంకను ముగియలేదు. గిరగిర తిరుగు నర్తకి చేతులు చాచినపుడు మెల్లగను, దగ్గరకు తీసికొన్నపుడు వేగముగను తిరుగును. ద్రవ్యము ఇరుసునకు చేరువైనచో జడత్వ భ్రామకము తగ్గును. కోణీయ ద్రవ్యవేగము మారకున్నచో భ్రమణవేగము పెరుగును. ఫోర్‌హాండులో చాపిన ఎడమచేయి మోచేతివద్ద మడిచి రొమ్మునకు చేరువగా తీసికొనబడుట ఇందులకే. ఎడమచేయి వ్రేలాడుచుండినచో మొండెము తిరుగుట మందగించును. తల మాత్రము తిరుగరాదు. చూపు బంతి తాకు చోటున నిలువవలెను.

బంతిని కొట్టిన పిదప దేహము వెంటనే ఆగరాదు. అంతటి వేగముతో పోవుచున్న చేతిని నిలుపు భారము భుజము వెనుకనున్న చిన్న కండరములపై పడును. మొండెము ఇంకను కొంత తిరిగినచో ఆ భారము దీర్ఘకాలమునకు, పెద్ద కండరములకు పంచబడును. దెబ్బ ముగియుసరికి కుడిభుజము ప్రత్యర్థి వైపు చూచుచుండుట ఈ కారణముచేతనే. కనుక దెబ్బ ముగింపు అలంకారము కాదు, రక్షణ.

నిలుకడలో వచ్చిన మార్పు

కొయ్య రాకెట్ల కాలమున ఫోర్‌హాండును నేర్పు పద్ధతి వేరు. ఆటగాడు వలకు ప్రక్కగా నిలిచి, ఎడమపాదమును ముందునకు వేసి, దేహభారమును వెనుకకాలినుండి ముందుకాలికి మార్చుచు కొట్టవలెనని బోధించెడివారు. ఆ పద్ధతికి కారణము లేకపోలేదు. అప్పటి ముఖ్యమైన పోటీలలో పెక్కు పచ్చికకోర్టులపై జరిగెడివి. వింబుల్డన్ నేటికిని పచ్చికపైననే జరుగుచున్నది. అమెరికా పోటీ 1974 వరకును, ఆస్ట్రేలియా పోటీ 1987 వరకును పచ్చికపైననే సాగినవి. పచ్చికపై బంతి తక్కువ ఎత్తుననే లేచి జారుచు వచ్చును. దానికి వంగి ముందునకు అడుగువేసి కొట్టుట అనుకూలము.

అమెరికా పోటీ 1978లో గట్టికోర్టులకు మారినది. ఆస్ట్రేలియా పోటీ 1988లో మారినది. బంతి రొమ్ముఎత్తునకు లేచి వచ్చుట సామాన్యమయ్యెను. కొయ్యకు బదులు తేలికయైన, పెద్దతలగల రాకెట్లు వచ్చినవి. బంతి వేగము హెచ్చి, ముందునకు అడుగువేయు వ్యవధి తగ్గినది. అందుచే కుడిపాదమును ప్రక్కకు వేసి, వలకు కొంత అభిముఖముగనే నిలిచి, మొండెమును మాత్రము బాగుగా త్రిప్పి కొట్టు తెరచిన నిలుకడ వ్యాపించినది. మూసిన నిలుకడలో సూటిగా ముందునకు సాగు కదలికకు ప్రాధాన్యము. తెరచిన నిలుకడలో భ్రమణమునకు ప్రాధాన్యము. అయితే ఏ నిలుకడలోనైనను రెండును కొంతకొంత యుండును. మూసిన నిలుకడలోను తుంటి తిరుగవలసినదే. ముందుకాలు దానికి అడ్డముగా నుండుటచే ఎక్కువ తిరుగుటకు వీలు తక్కువ. అంతియే భేదము.

ఉన్నత ఆటగాండ్రలో బేస్‌లైను వద్దనుండి కొట్టిన ఫోర్‌హాండు గంటకు 120 కిలోమీటర్లు దాటుట నేడు అరుదు కాదు. అంతవేగముతో సూటిగా పోవు బంతి కోర్టు వెలుపల పడును. దానిని లోపల దింపునది టాప్‌స్పిన్, అనగా బంతి పైభాగము ముందునకు దొర్లునట్లు కలుగు తిరుగుడు. రాకెటు క్రిందినుండి మీదికి సాగుచు బంతిని రాచుటచే ఇది కలుగును. స్వీడనుకు చెందిన బ్యోర్న్ బోర్గ్ 1976 నుండి 1980 వరకు వరుసగా ఐదుమార్లు వింబుల్డన్ గెలిచి, ఇట్టి ఆటను లోకమునకు ప్రసిద్ధము చేసెను. మొండెము తిరుగుట బంతికి ముందునడక నిచ్చును; వంగిన మోకాళ్లు నిటారగుటయు, చేయి పైకి సాగుటయు తిరుగుడు నిచ్చును. ఈ రెండింటి పొత్తుతోనే బలము పనికివచ్చును.

భ్రమణమునందలి దోషములు

దేహమును త్రిప్పవలెనని వినినంతమాత్రమున దెబ్బ బాగుపడదు. కొందరు ముందుగనే తిరిగిపోవుదురు. ఎడమభుజము తొందరపడి తెరచుకొనును. రాకెటు చేరుసరికి మొండెము వేగము ఖర్చైపోయి యుండును. అప్పుడు చేయి ఒంటరిగా పనిచేయవలసివచ్చును. మరికొందరు భుజములను, తుంటిని, చేతిని ఒక్కటిగా బిగించి త్రిప్పుదురు. వారి భంగిమలో శ్రమ కనబడును గాని చెర్నకోల గుణముండదు. ఇంకొందరు తలను కూడ త్రిప్పి, బంతి పోయిన దిక్కును ముందే చూచుటకు ఆత్రపడుదురు.

ఈ తొందరపాటునకు వెల ఎంతయో లెక్కవేయవచ్చును. రాకెటు తల సెకనుకు 25 మీటర్ల వేగముతో పోవుచున్నచో, 5 మిల్లీసెకనులలో 12.5 సెంటీమీటర్లు సాగును. అది వలయాకారమున పోవుచుండుటచే దాని ముఖమును తిరుగుచుండును. బంతి బయలుదేరు దిక్కులో 1 డిగ్రీ భేదము వచ్చినను, 20 మీటర్ల దూరమున అది సుమారు 35 సెంటీమీటర్ల భేదమగును. గీతపై పడవలసిన బంతి గీత దాటుటకు అది చాలును. వేగము పెరిగినకొలది సమయపాలన కఠినమగునని దీనివలన తెలియును. భారతదేశపు రామనాథన్ కృష్ణన్ 1960, 1961 సంవత్సరములలో వింబుల్డన్ సెమీఫైనల్ చేరినది బలముచేత కాదు. స్పర్శచేతను, బంతిని కోరినచోట వేయు నేర్పుచేతను. బలము ఆటకు ఒక అంగము మాత్రమేనని ఆయన ఆట చాటును.

బలము, దేహరక్షణ

పొడవు, కండ లేనివారికి గట్టి ఫోర్‌హాండు రాదనుట సరికాదు. 2009లో అమెరికా పోటీ గెలిచిన అర్జెంటీనా వీరుడు హువాన్ మార్టిన్ దెల్ పోత్రో 1.98 మీటర్ల పొడగరి. పొడవైన చేతికి వడిసెల లాభము హెచ్చుగా నుండుట నిజము. కాని ఫ్రెంచి పోటీని 2003, 2005, 2006, 2007లలో గెలిచిన బెల్జియము క్రీడాకారిణి జస్టిన్ హెనిన్ 1.67 మీటర్ల ఎత్తు మాత్రమే. ఆమె తనకన్న పొడవైన, బలమైన ప్రత్యర్థులతో బేస్‌లైనునుండి ధాటిగా ఆడెను. దేహములోని ప్రతి భాగమును వేళకు వాడుకొన్నవారికి ఇది సాధ్యము.

తెలుగునాట ఫోర్‌హాండు బలమనగానే గుర్తువచ్చు పేరు హైదరాబాదులో పెరిగిన సానియా మీర్జాది. 2005లో హైదరాబాదులో జరిగిన డబ్ల్యు.టి.ఏ. పోటీలో సింగిల్స్ గెలిచి, ఆ స్థాయి సింగిల్స్ పోటీ గెలిచిన తొలి భారతీయ మహిళ యయ్యెను. ఆ యేడే అమెరికా పోటీలో నాలుగవ రౌండు చేరెను. 2007లో ప్రపంచపు సింగిల్స్ వరుసలో 27వ స్థానము నందెను. ఆమె ఫోర్‌హాండు ఆనాటి మహిళా క్రీడాకారిణుల గట్టి దెబ్బలలో ఒకటిగా ఎన్నబడెను. 2008లో మణికట్టుకు శస్త్రచికిత్స జరిగినది. 2013లో సింగిల్స్ ఆటను విడిచి డబుల్స్‌పై నిలిచి, మొత్తము ఆరు గ్రాండ్‌స్లామ్ బిరుదులను సంపాదించి, 2023లో విరమించెను. ఇట్టి గాయమునకు ఒక్క దెబ్బనే కారణముగా చెప్పుట తగదు. ఎడతెగని పోటీలు, ప్రయాణములు, కోర్టు గట్టితనము అన్నియు అందు చేరును. కాని మేటి ఆటగాండ్రకు సైతము మణికట్టు ఎంత సున్నితమైన అంగమో దీనివలన తెలియును. మొండెము చేయవలసిన పనిని మణికట్టుపై వేయరాదనుటకు ఇంతకు మించిన హెచ్చరిక అక్కరలేదు.

భ్రమణమునకును ఖర్చు లేకపోలేదు. వెన్నెముక దిగువభాగము అధికముగా మెలిపడుటకు ఏర్పడినది కాదు. తుంటి కీళ్లును, వెన్ను పైభాగమును చక్కగా తిరుగని యెడల ఆ ఒత్తిడి నడుముపై పడును. కావున ఎదుగు వయస్సు పిల్లలకు తుంటి సడలింపును, పొట్ట, వీపు కండరముల పటుత్వమును కలిగించు వ్యాయామము దెబ్బతోపాటు నేర్పవలెను.

నేర్పు విధమును సులభమే. మొదట రాకెటు లేకుండ, కొలది బరువుగల బంతిని రెండుచేతులతో పట్టుకొని, ప్రక్కకు తిరిగి, కాళ్లతో నేలను నెట్టి ఎదుటివానికి విసరవలెను. రెండు చేతులును కట్టుబడియుండుటచే దేహము తిరుగక విసరుట సాధ్యము కాదు. పిదప రాకెటు పట్టి, బంతి లేకుండ అదే కదలికను మెల్లగా చేయవలెను. అటుపిమ్మటనే బంతి. చిన్నపిల్లల చేతికి పెద్దల రాకెటునిచ్చి, వేగపు బంతులను కొట్టించుటచే వారు చేతినే బిగింతురు. పది సంవత్సరములలోపు పిల్లల పోటీలలో మెల్లగా పోవు బంతులనే వాడవలెనని అంతర్జాతీయ టెన్నిసు సమాఖ్య 2012 నుండి నియమము చేసినది. మెల్లని బంతి పిల్లవానికి తిరుగుటకు తీరిక నిచ్చును.

ఇంకను గట్టిగా కొట్టుమని పిల్లలను ప్రక్కనుండి హెచ్చరించు పెద్దలు ప్రతి కోర్టువద్దను కలరు. ఆ మాట విన్న పిల్లవాడు పిడికిలి బిగించి చేతిని విసరును. బంతి వలలో పడును, చేయి నొచ్చును. దానికి బదులు భుజములను త్రిప్పుమని, నేలను నెట్టుమని, చేతిని వదులుగా నుంచుమని చెప్పినచో, కొలది వారములలోనే ఆ పిల్లవాని బంతి వేరుగా పలుకును. ఆ చేయి అతనికి చిరకాలము మిగిలియుండును.